150 గుర్తుల్లో ప్రవేశ దరువు



చేతిలో ఫోనున్నవాళ్లు ఒక చిన్న పని చేయండి. వాట్సాప్ తెరిచి, సెట్టింగుల్లోకి వెళ్లి, మీ పేరు కింద ఏం రాసి ఉందో చూడండి. చాలామందికి "హే దేర్! ఐ యామ్ యూజింగ్ వాట్సాప్" అని కనిపిస్తుంది. అది మీరు రాసింది కాదు. యాప్ తయారుచేసినవాళ్లు ఊరికే ఖాళీగా ఉంచడం ఎందుకని పెట్టిన వాక్యం. వాట్సాప్‌లో ఉన్నవాణ్ణి పట్టుకుని, నేను వాట్సాప్ వాడుతున్నాను అని చెప్పడం! ఊళ్లో సగం మందిమి ఏళ్ల తరబడి అదే మాట మెళ్లో వేసుకుని తిరుగుతున్నాం.

దాన్ని మార్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతీ చూద్దాం. "రైతు బిడ్డ. ప్రకృతి ప్రేమికుణ్ణి. అమ్మానాన్నలే నా దైవం. సింగిల్ సింహం." ఇది మన తోట్లవల్లూరు కృష్ణా లంకల్లో పసుపు పండించే ఒక కుర్రాడి బయో అనుకోండి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉపయోగపడే ముక్క కూడా ఒక్కటీ లేదు. అమ్మానాన్నలు అందరికీ దైవమే. ప్రకృతి మీద కోపం ఎవరికుంటుంది? ఇది చదివినవాడికి ఈ అబ్బాయి ఎక్కడివాడో తెలియలేదు, ఏం పండిస్తాడో తెలియలేదు, మనకేమైనా అమ్ముతాడా లేదా అన్నదీ తెలియలేదు. సింహమని మాత్రం తెలిసింది.

సోషల్ మీడియాలో మన పేరు కింద రాసుకునే ఆ రెండు మూడు వాక్యాల గురించే ఈ పూట మాట్లాడదామని వచ్చాను. బయో అంటున్నారు దాన్ని. మనమూ అలాగే అందాం. ఇన్‌స్టాగ్రామ్‌లో దానికి 150 గుర్తుల చోటిచ్చారు. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, 160. వాట్సాప్‌లో 139. ఫేస్‌బుక్ ప్రొఫైల్లో మరీ పిసినారితనంగా 101. ఉద్యోగాల కోసం వాడే లింక్డిన్‌లో పేరు కింది వాక్యానికి 220. ఇంత ఇరుకు చోట మనిషిని ఎలా చెప్పడం అని చాలామంది బెంగ. అసలు బెంగ చోటు గురించి కాదు. ఎవరికి చెబుతున్నామో తేల్చుకోకుండా రాయడం మొదలుపెడుతున్నాం, చిక్కంతా అక్కడుంది.

తానెవరో నాలుగు మాటల్లో చెప్పుకునే ఈ విద్య మనకు కొత్తది కాదని చెబితే నవ్వుతారేమో. తోట్లవల్లూరు నుంచి ఉయ్యూరు వచ్చి, పామర్రు మీదుగా చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కూచిపూడి వస్తుంది. సిద్ధేంద్రయోగి పేరుతో చెప్పుకునే భామాకలాపం పుట్టి పెరిగిన ఊరు. ఆ ఆటలో సత్యభామ రంగం మీదికి ఎలా వస్తుందో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. మొదట మనిషి కనబడదు. తెర మీదుగా పొడుగాటి జడ వచ్చి ఇవతల పడుతుంది. ఆ జడ ఊరికే అలంకారం కాదు, సవాలు. ఈ విద్యలో నన్ను మించినవారుంటే రండి, ఓడిస్తే జడ కోసిస్తాను అని. ఆ తరవాత తెర తొలగుతుంది, భామ ప్రవేశ దరువు అందుకుంటుంది. నేను ఎవరిని, ఎవరి కూతుర్ని, ఎవరి ఇల్లాలిని, ఎటువంటిదాన్ని అని ఆడుతూ పాడుతూ చెబుతుంది.

ఇక్కడ నాకు విశేషంగా తోచేది ఒకటుంది. ఎదురుగా కూర్చున్న జనానికి సత్యభామ ఎవరో తెలియక కాదు. పారిజాతం చెట్టు దగ్గర్నుంచి తులాభారం దాకా అందరికీ కంఠోపాఠమే. పైగా ఆ చీర కట్టుకున్నది ఫలానా వారింటి అబ్బాయని కూడా తెలుసు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే, ఆయన మగవాడన్న సంగతి మరిచిపోయేవారట జనం. ఆయన మీద అంత గురి ఉన్న సభలో కూడా ప్రవేశ దరువు లేకుండా ఆట మొదలు కాలేదు. అందరికీ తెలిసిన సత్యభామే తానెవరో చెప్పుకుని వస్తుంటే, ఎవరికీ తెలియని మనం "హే దేర్" అని ఊరుకోవడం ఏం మర్యాద?

సత్యభామ తన గురించి గొప్పలు కూడా చెప్పుకుంటుంది, మరి మనం చెప్పుకుంటే తప్పేమిటని అడగొచ్చు. చెప్పుకోవచ్చు. తేడా ఏమిటంటే ఆవిడ గొప్పకు ఆధారాలున్నాయి. సత్రాజిత్తు కూతురు. కృష్ణుడి రాణి. అది వివరం. "నేను చాలా స్పెషల్" అన్నది వివరం కాదు. ఇన్నేళ్లుగా సభల్లో వక్తల్ని పరిచయం చేసే అధ్యక్షుల్ని వింటూ వచ్చాను. బహుముఖ ప్రజ్ఞాశాలి, మృదుస్వభావి, స్నేహశీలి, నిగర్వి. పది నిమిషాలు పొగిడాక కూడా ఆ వచ్చినాయన డాక్టరో ప్లీడరో తెలియని సభలెన్నో. ఆ జబ్బే ఫ్లెక్సీల మీదికి, అక్కణ్ణుంచి ఫోనులోకి పాకింది. విశేషణం ఎక్కువయ్యేకొద్దీ మనిషి పలచబడతాడు.

ఆ భామాకలాపంలోనే మరో ముచ్చట. చెలికత్తె మాధవి, నీ మగడి పేరేమిటో చెప్పమ్మా అంటుంది. సత్యభామకు సిగ్గు. మొగుడి పేరు నోటితో ఎలా చెప్పడం? అలాంటివాడు, ఇలాంటివాడు అని ఆనవాళ్లు చెబుతుందే గాని పేరు ఓ పట్టాన రాదు. తెల్లవార్లూ ఆట చూడటానికి వచ్చిన జనం ఆ సిగ్గును ఎంతసేపైనా ఆనందిస్తారు. బయో చదివేవాడికి ఆ తీరిక లేదు. వేలు అలా పైకి తోసేలోగా మీ సంగతి వాడి కంట్లో పడాలి. అక్కడ పొడుపుకథలు పనికిరావు. "నా గురించి తెలుసుకోవాలంటే నాతో మాట్లాడి చూడు" అని రాసుకునే కుర్రాళ్లుంటారు. ఎందుకు మాట్లాడాలి నాయనా? ఆ కారణమే కదా నువ్వు రాయాల్సింది.

ఇంకాస్త వెనక్కి వెళదాం. చల్లపల్లి దాటితే ఘంటసాల. గాయకుడి ఇంటిపేరు కాదు నేనంటున్నది, ఊరు. బౌద్ధ స్తూపం ఉన్న ఊరు, ఒకనాటి ఓడరేవు. అక్కడ దొరికిన పాత ప్రాకృత శాసనాల్లో ఒక దాత పేరుంది. శివకుడు. పేరుతో పాటు ఒక మాట చెక్కించుకున్నాడు, మహానావికుడు అని. పెద్ద ఓడ నడిపేవాడన్నమాట. ఆ ఒక్క మాటతో పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ల తరవాత కూడా ఆ మనిషి మనకు తెలిసిపోతున్నాడు. ఏటికి ఎగువన అమరావతిలో ఒక పలక దొరికింది. పూర్ణఘటం చెక్కిన రాతిపలక. దాన్ని ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, నాగుడనే కొడుకుతో కలిసి ఇచ్చాడని ఆ రాతి మీదే ఉంది. పేరు, పని, ఎవరి తాలూకు, ఏం చేశాడు. తోలు పనివాడినని చెప్పుకోవడానికి ఆయన మొహమాటపడలేదు. తాను ఎంత మంచివాడో చెప్పుకోనూ లేదు. ఇచ్చిన పలకే చెబుతోంది.

పని పేరు చెప్పుకోవడానికి ఇవాళ మనవాళ్లకు ఎందుకో జంకు. బట్టలు కుట్టే అమ్మాయి "ఫ్యాషన్ లవర్" అని రాసుకుంటుంది. కొబ్బరి బోండాల వ్యాపారం చేసేవాడు "ఆంత్రప్రెన్యూర్" అంటాడు. జాకెట్లు కుట్టించుకోవాలని వెతికేవాళ్లకు ఫ్యాషన్ లవర్ ఎందుకు దొరుకుతుంది చెప్పండి? "మగ్గం వర్కు, పట్టు జాకెట్లు, ఉయ్యూరు" అని రాస్తే దొరుకుతుంది.

అయితే ఒక మనిషి నాలుగు పనులు చేస్తే? ఏది రాయాలి? దీనికి మన జిల్లాలోనే మంచి దృష్టాంతం ఉంది. కూచిపూడి పక్కనే భట్లపెనుమర్రు. పింగళి వెంకయ్యగారి ఊరు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు గాంధీగారికి జెండా నమూనా చూపించిన ఆ వెంకయ్యగారే. ఆయన కాంబోడియా పత్తి మీద పరిశోధన చేశారు, జనం పత్తి వెంకయ్య అన్నారు. జపాను భాష నేర్చి 1913లో బాపట్లలో ఆ భాషలో ప్రసంగించారు, జపాన్ వెంకయ్య అన్నారు. భూగర్భ శాస్త్రం, వజ్రాల సంగతి తెలిసినవాడు కాబట్టి డైమండ్ వెంకయ్య. చివరికి జెండా వెంకయ్య. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు.

ఒక్క మనిషికి నాలుగు పేర్లు. ఏదీ తప్పు కాదు. పత్తి విత్తనం కావాల్సిన రైతుకు ఆయన పత్తి వెంకయ్య, అంతే. ఆ రైతుకు జపాను భాషతో నిమిత్తం లేదు. నాకు ఇందులో కనిపించే కిటుకు ఇదీ: మనిషి నిండా ఎన్ని ఉన్నా, చదివేవాడికి అవసరమైన వెంకయ్యను ముందు పెట్టాలి. మీరు బడిలో లెక్కల మాస్టారు, సాయంత్రం పూట మృదంగం వాయిస్తారు, సెలవుల్లో కంద తోట చూసుకుంటారు. అన్నీ ఒకే చోట కుక్కితే ఏదీ మిగలదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మృదంగం వీడియోలు పెడుతున్నారా, అక్కడ మీరు మృదంగం మాస్టారు. లింక్డిన్‌లో లెక్కల మాస్టారు. ఇది రెండు నాలుకల ధోరణి కాదు. పెళ్లికి పంచె, పొలానికి లుంగీ కట్టుకున్నా మనిషి ఒకడే కదా.

ఇక ఊరి పేరు. ఇందులో మనవాళ్లు చేసే పొరపాటు మరీ విచిత్రంగా ఉంటుంది. సొంత ఊరు మనకు లోకంలో ఒకటే ఉన్నట్టు అనిపిస్తుంది. ఘంటసాల మండలంలో శ్రీకాకుళం ఉంది, ఆంధ్ర మహావిష్ణువు కోవెల ఉన్న ఊరు, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాయడానికి కారణమైన చోటు. అక్కడి కుర్రాడు బయోలో ఉత్త "శ్రీకాకుళం" అని పెట్టాడనుకోండి. చూసినవాడు ఉత్తరాంధ్రకు బస్సెక్కుతాడు. వల్లూరు అని రాస్తే కడప వైపు ఒక వల్లూరు, టంగుటూరు దగ్గర ఇంకొక వల్లూరు. అందుకని తోట్లవల్లూరు అని పూర్తిగా రాసి, పక్కన కృష్ణా జిల్లా అనో, ఉయ్యూరు దగ్గర అనో ఒక ముక్క తగిలించాలి. ఈ రేడియోలో రోజూ వింటూనే ఉన్నారుగా. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం ఇది. ముందు ఆకాశవాణి, వెంటనే విజయవాడ కేంద్రం. ఎవరు, ఎక్కడి నుంచి. ఆ రెండూ చెప్పాకే మిగతా కార్యక్రమం.

అక్షరాల లెక్క దగ్గర తెలుగువాళ్లకు ఒక చిక్కు ఉంది, అది కాస్త విడమరచి చెప్పాలి. 150 గుర్తులంటే మనం బడిలో నేర్చుకున్న 150 అక్షరాలు కాదు. తోట్లవల్లూరు అన్న మాటలో మనకు వినిపించేవి ఐదు అక్షరాలు. తో, ట్ల, వ, ల్లూ, రు. ఫోను అలా లెక్కపెట్టదు. తకారం ఒకటి, ఓత్వం ఒకటి, టకారం, దాని కింద పొల్లు, లకారం, ఇలా విడదీసి ఒక్కొక్కదానికీ లెక్క కడుతుంది. తోట్లవల్లూరుకు 12 అవుతాయి. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం, ఫోనుకు ఆరు గుర్తులు. అందుకే తెలుగులో రాస్తుంటే చోటు చప్పున అయిపోయినట్టుంటుంది.

అలాగని ఇంగ్లీషు లిపిలోకి పారిపోతే ఏదో కలిసొస్తుందనుకోకండి. అదే తోట్లవల్లూరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 13 అవుతుంది. కూచిపూడి తెలుగులో 8, ఇంగ్లీషులో 9. మన లిపికే ఒకటి మిగిలింది! అన్ని మాటలకూ ఇలాగే ఉంటుందని కాదు, ఒత్తుల మీద ఒత్తులున్న సంస్కృత సమాసాలకు తెలుగులోనూ బాగానే చోటు పడుతుంది. చిన్న చిన్న తెలుగు మాటలకు మాత్రం మన లిపి ఏమీ ఖరీదు కాదు. ఇంతకీ ఎస్సెమ్మెస్‌లో 160 గుర్తులన్న కొలత ఎక్కడిదనుకున్నారు? 1985లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు టైపు మిషను ముందు కూర్చుని, మామూలుగా మనుషులు రాసే వాక్యాలూ ప్రశ్నలూ కొట్టి చూసి, చాలావరకు 160 లోపే అయిపోతున్నాయని తేల్చాడు. ఎస్సెమ్మెస్‌కు ఆ కొలత అలా వచ్చింది. ఆయన ముందున్నది రోమన్ అక్షరాల మిషను. మన తెలుగు ఎస్సెమ్మెస్‌కు వచ్చేసరికి ఒక మెసేజీకి 70 గుర్తులే పట్టాయి. ఏ లిపి వాడు కొలత పెడితే ఆ లిపికే చోటు దొరుకుతుంది, కొత్తేముంది.

సరే, మన పసుపు కుర్రాడి దగ్గరికి వద్దాం. అతని బయో మళ్లీ రాద్దాం. నెమ్మదిగా చదువుతాను, వినండి.

"తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద, అరటి రైతుని. వండి ఎండబెట్టిన కొమ్ము పసుపు మార్చి నుంచి అమ్ముతాను. కిలో అయినా పంపుతాను. మెసేజ్ పెట్టండి."

నాలుగు వాక్యాలు. ఫోను లెక్కలో, మధ్యలో ఖాళీలూ చుక్కలూ కలుపుకుని, 136 గుర్తులు. వాట్సాప్ వాడి 139లో పట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకా 14 మిగిలాయి, కృష్ణా జిల్లా అని చేర్చుకోవడానికి. ఫేస్‌బుక్ 101లో పట్టదు కదా అంటారు. చివరి రెండు వాక్యాలు తీసేయండి, 98 అవుతుంది. అమ్మేదేమిటో ఎప్పుడో అప్పటికే చెప్పేశాం కాబట్టి తోక తెగినా నష్టం లేదు. ముఖ్యమైనది ముందు పెట్టడం వల్ల వచ్చే లాభం ఇదే.

ఆ వాక్యాల్లో ఏముందో ఒకసారి తరచి చూడండి. "నాణ్యమైన పసుపు" అని రాయలేదు. నాసిరకం అమ్ముతున్నానని ఎవడూ రాసుకోడు కాబట్టి నాణ్యమైన అన్న మాటకు బరువు లేదు. దాని బదులు వండి ఎండబెట్టిన కొమ్ము అని ఉంది. పసుపు సంగతి తెలిసినవాళ్లకు అది చాలు. పొడి కాదు, పచ్చి దుంప కాదు, కొమ్ము అని తేలిపోయింది. కిలో అయినా పంపుతాను అన్న మాట ఇంకా తెలివైనది. రైతు దగ్గర కొనాలంటే బస్తా కొనాలేమో అని హైదరాబాదులో ఉన్న గృహిణికి ఒక సందేహం ఉంటుంది. ఆవిడ అడగకముందే జవాబు వచ్చేసింది. బయోలో ఒక్క వాక్యమైనా అవతలివాళ్ల నోట్లో ఉన్న ప్రశ్నకు జవాబుగా ఉండాలి. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ప్రతిసారీ అడిగే మొదటి ప్రశ్న ఏమిటో గుర్తు తెచ్చుకోండి. సగం బయో అక్కడే దొరుకుతుంది.

పెడనలో కలంకారీ అచ్చువేసేవాళ్లకు ఆ ప్రశ్న ఇంకోలా ఉంటుంది. ఇది నిజంగా చెక్క అచ్చులతో వేసిందా, స్క్రీన్ ప్రింటా? సహజ రంగులా, రసాయనాలా? శ్రీకాళహస్తిలో లాగా కలంతో గీసేదా? "ట్రెడిషనల్ హ్యాండ్‌మేడ్ ఆర్ట్" అని రాస్తే ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. "పెడన. చెక్క అచ్చులు, సహజ రంగులు. చీరలు, దుప్పట్లు, తాను బట్ట." ఇలా రాస్తే, కలంకారీ తెలిసిన కొనుగోలుదారు ఆగి చూస్తాడు. తెలియనివాడు కూడా రెండు ముక్కలు నేర్చుకుంటాడు. ఇంట్లో పచ్చళ్లో, తొక్కుడు లడ్డూలో చేసి అమ్మే ఆడవాళ్లకైతే ఫుడ్ సేఫ్టీ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు ఉంటుంది. పది పొగడ్తల కంటే అది బయోలో ఉండటం మేలు, కొనేవాళ్లకు ధైర్యం.

ఉద్యోగం వెతుక్కునే పిల్లల బయోలు చూస్తే నాకు జాలేస్తుంది. "లుకింగ్ ఫర్ ఆపర్చునిటీస్. హార్డ్ వర్కర్. క్విక్ లెర్నర్." వేలమంది ఇదే రాస్తున్నారు, ఒకరినొకరు చూసి. కష్టపడతాను అన్నది మాట. ఏం చేశావన్నది సాక్ష్యం. "బి.కాం. అయింది. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు వచ్చు. ఉయ్యూరులో ఎరువుల దుకాణానికి ఆరు నెలలు లెక్కలు రాశాను. విజయవాడలో పని కావాలి." ఎరువుల దుకాణం అని రాయడానికి సిగ్గెందుకు? రోజుకు వంద బిల్లులు తెగే చోట లెక్క తప్పకుండా రాసినవాడు ఏ కంపెనీకి పనికిరాడు?

ఇప్పుడు వెతుకులాట సంగతి. మనం తెలుగులో రాసుకున్నా, వెతికేవాళ్లు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. తోట్లవల్లూరునే కొందరు టీ పక్కన హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఉత్త టీతో రాస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు రాసే గడి వేరే ఉంటుంది, వెతికితే ఆ గడిలోని మాటలు దొరుకుతాయి. కాబట్టి అక్కడ మీ పేరు పక్కన పని, ఊరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుని, కింద బయో హాయిగా తెలుగులో రాసుకోండి. రెండు రకాల వాళ్లకూ దారి ఉంటుంది. 2023 నుంచి అక్కడ ఐదు లింకుల దాకా పెట్టుకోనిస్తున్నారు. ఇచ్చారు కదా అని ఐదూ పెట్టక్కర్లేదు. ఒకటి పెడితే దాన్ని నొక్కుతారు.

యూజర్‌నేమ్ అన్నిచోట్లా ఒకటే ఉండేట్టు చూసుకోండి. క్షేత్రయ్యగారి పదం ఏది విన్నా మువ్వగోపాల ముద్ర వినబడుతుంది. తంజావూరులో పాడినా, మధురలో పాడినా ఆ ముద్ర మారలేదు. పాడేది ఎవరైనా పదం ఎవరిదో తెలిసిపోయేది. ఆ గోపాలుడి ఊరు మొవ్వ మన జిల్లాలోదే. ఫేస్‌బుక్‌లో ఒక పేరు, యూట్యూబ్‌లో ఒక పేరు, ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన తేదీ తగిలించిన ఇంకో పేరు పెట్టుకుంటే, మీ ముద్ర మీరే చెరుపుకున్నట్టు.

బొమ్మల గురించి ఒక్క మాట. బయో నిండా ఎమోజీలు, మెలికలు తిరిగిన అలంకారపు ఇంగ్లీషు అక్షరాలు పెట్టడం సరదా అయింది. చూపు లేనివాళ్లు ఫోనును చెవితో చదువుతారని మనకు గుర్తుండదు. స్క్రీన్ రీడర్ ఒక్కో ఎమోజీ పేరూ పైకి చదువుతుంది. వరసగా ఐదు మంట బొమ్మలు పెడితే మంట, మంట అని ఐదుసార్లు వినాలి వాళ్లు. ఆ అలంకారపు అక్షరాలు గణితంలో వాడే గుర్తులు. వాటిని కొన్ని రీడర్లు మింగేస్తాయి, కొన్ని పిచ్చిగా పలుకుతాయి. రేడియోవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మీ బయో రాశాక ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వదినగారికో, బాబాయికో. మీ పేరు చెప్పకుండా చదవండి. విన్నాక, ఈ మనిషి ఏం చేస్తాడని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

రాయకూడనివి కొన్నున్నాయి. పుట్టిన తేదీ వద్దు. పిల్లల పేర్లు, వాళ్ల బడి పేరు వద్దు. ఇల్లు ఫలానా వీధి, ఫలానా గుడి ఎదురు అని వద్దు. ఊరు చాలు. వ్యాపారానికి ఫోన్ నంబరు పెట్టక తప్పకపోతే, బ్యాంకు ఖాతాకు ముడిపడిన నంబరు కాకుండా వేరే నంబరు పెట్టండి. మోసగాళ్లు కూడా బయో చదువుతారు. మనకంటే శ్రద్ధగా చదువుతారు. మీ అబ్బాయి ఫలానా ఊళ్లో చదువుతున్నాడు కదండీ, అతను ఆపదలో ఉన్నాడు, వెంటనే డబ్బు పంపండి అని ఫోను చేసేవాడికి ఆ ఊరి పేరు మీ ప్రొఫైలే చెప్పి ఉంటుంది. మీ ఫొటో, మీ బయో అలాగే ఎత్తేసి దొంగ ఖాతా తెరిచి మీ బంధువుల్ని అప్పులడిగేవాళ్లు కూడా ఉన్నారు. అలా జరిగితే ఆ ఖాతా మీద అక్కడే ఫిర్యాదు నొక్కండి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇంటి నుంచి వ్యాపారం చేసే అక్కచెల్లెళ్లు సొంత పేరు బదులు వ్యాపారం పేరు పెట్టుకుంటే, అది సిగ్గు కాదు, జాగ్రత్త. ఆ నిర్ణయం వాళ్లది. చుట్టాలెవరూ సలహాలు చెప్పక్కర్లేదు.

చివరగా, బయోను రాసి వదిలేయకండి. పసుపు అయిపోయాక కూడా మార్చి నుంచి అమ్ముతాను అని ఉంటే, ఆగస్టులో అడిగినవాళ్లకు లేదని చెప్పుకుంటూ కూర్చోవాలి. పసుపు అయిపోగానే ఆ వాక్యం తీసి, అప్పుడు చేతికొచ్చే పంట పేరు పెట్టండి. బి.కాం. రెండో ఏడు అని రాసుకున్నవాడు ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా అదే ఉంచుకుంటే, కొత్త పని ఇచ్చేవాడు చదువుకునే పిల్లాడనుకుని దాటిపోతాడు. ఈ వారం మీ ఊళ్లో కరెంటు పోయి ఏమీ తోచని ఓ సాయంత్రం, ఫోనులో చార్జింగ్ మిగిలి ఉంటే, ఆ "హే దేర్"ను తీసేసి ఊరు, పని రాసి చూడండి.